ఆర్వీ టైర్లకు నైట్రోజనా, మామూలు గాలా? గాలి కొట్టే పద్ధతి మొదటి నుంచి

ఆర్వీ (పడక, వంటగది ఉన్న ఇల్లు లాంటి బండి; సొంత ఇంజను ఉంటే మోటర్‌హోమ్, ఇంకో బండి వెనక తగిలించి లాగేదైతే ట్రైలర్) కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: టైర్లలో నైట్రోజన్ పట్టించాలా, మామూలు గాలి చాలదా? సూటిగా చెప్పేస్తాను. గాలి పొడిగా ఉండి, ప్రెషర్ బరువుకు తగ్గట్టు ఉండి, పొద్దున్నే గేజ్ పెట్టి చూసే అలవాటు మీకుంటే మామూలు గాలి చాలు. టైర్లు కొన్నప్పుడు నైట్రోజన్ ఉచితంగా పట్టిస్తామంటే వద్దనకండి. కానీ నైట్రోజన్ ఉంది కదా అని గేజ్‌ను డ్రాయర్‌లో పడేస్తే మాత్రం మామూలు గాలే నయం.

ఇది నాకు అనుభవమే. ఒకసారి నా మోటర్‌హోమ్ ఆరు టైర్లకూ నైట్రోజన్ పట్టించాను. నైట్రోజన్‌కు గుర్తుగా వాల్వుల మీద పచ్చ మూతలు బిగించి ఇచ్చారు. ఆ పచ్చ మూతలు చూసుకుని రెండు నెలలు గేజ్ ముట్టుకోలేదు. తీరా ప్రయాణానికి ముందురోజు ఎందుకో అనుమానం వచ్చి చూస్తే, వెనక జంట టైర్లలో లోపలి దాంట్లో 80 పీఎస్ఐ (టైరు ప్రెషర్ కొలత) ఉండాల్సింది 61 ఉంది. నైట్రోజన్ తప్పేం లేదు, వాల్వ్ ఎక్స్‌టెన్షన్ (లోపలి టైరు వాల్వు చేతికి అందేలా పొడిగించే గొట్టం) వదులుగా ఉంది. పక్కనున్న బయటి టైరు బరువు మోస్తుండటంతో కంటికి ఏ తేడా కనిపించలేదు. వాల్వు దగ్గర సందుంటే లోపల ఏ గ్యాసున్నా దిగిపోతుంది.

అసలు తేడా ఎంత?

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. 21 శాతం ఆక్సిజన్, మిగతాది ఆర్గాన్ లాంటివి. కాబట్టి మీరు ఇన్నాళ్లూ కొట్టించింది కూడా చాలావరకు నైట్రోజనే.

ఆక్సిజన్ రబ్బరు గుండా కొంచెం త్వరగా బయటికి పోతుంది, అది నిజం. ఎంత త్వరగా? వస్తువులను పరీక్షించే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు 31 మోడళ్ల కారు టైర్లను 30 పీఎస్ఐ దగ్గర పెట్టి ఏడాది పాటు గమనించారు. మామూలు గాలి ఉన్నవి సగటున 3.5 పీఎస్ఐ తగ్గాయి, నైట్రోజన్ ఉన్నవి 2.2. ఏడాది మొత్తానికి తేడా 1.3 పీఎస్ఐ. రెండు వేర్వేరు గేజ్‌లు పెడితేనే అంత తేడా రావచ్చు.

"నైట్రోజన్ వేడికి పెరగదు" అనే మాట మాత్రం నమ్మకండి. పొడిగా ఉంటే రెండూ ఒకేలా పెరుగుతాయి. ఆ లెక్క కింద చూద్దాం. తేడా తెచ్చేది నీళ్లు. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు గాలితో పాటు టైరులోకి వెళ్తే, టైరు వేడెక్కినప్పుడు ఆవిరవుతాయి. రెండు చిన్న చెంచాల నీళ్లు చాలు, టైరు లోపల 60 డిగ్రీలకు చేరేసరికి మామూలుగా పెరిగేదానికి తోడు ఇంకో రెండు పీఎస్ఐ పైనే పెంచుతాయి. రిమ్ము తుప్పు పట్టడం, లోపల సెన్సార్లుంటే పాడవడం అదనం. నైట్రోజన్ మేలుగా కనిపించడానికి సగం కారణం అది పొడిగా రావడమే.

నైట్రోజన్ పక్షాన ఒక మంచి వాదన ఉంది, దాచను. ఆర్వీ టైర్లు అరిగిపోయే లోపే ముసలివైపోతాయి, ఎందుకంటే బండి నెలల తరబడి నిలబడే ఉంటుంది. 80 పీఎస్ఐ దగ్గర మామూలు గాలి ఉన్న టైరు లోపల ఆక్సిజన్ ఒత్తిడి బయటి గాలిలో కంటే ఆరు రెట్లు పైనే. అది రబ్బరులోకి ఇంకుతూ లోపలి పొరలను గట్టిపరుస్తుంది. నైట్రోజన్ ఉంటే ఆ పని నెమ్మదిస్తుంది. కానీ ఎండ, ఓజోన్ బయటి నుంచి చేసే పాడు అలాగే ఉంటుంది. ఏళ్లు గడిచిన టైరును మార్చక తప్పదు.

విమానాల్లో నైట్రోజనే వాడతారు కదా అంటారా? అవును. పెద్ద ప్రయాణికుల విమానాల్లో బ్రేకులున్న చక్రాలకు ఆక్సిజన్ 5 శాతం దాటకూడదని అమెరికా నిబంధనే ఉంది. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగ్ 727 చక్రం బ్రేకు విపరీతంగా వేడెక్కి, నైట్రోజన్ బదులు గాలి కొట్టిన టైరు గాలిలోనే పేలింది. 167 మంది పోయారు. మీ బండి బ్రేకులు ఆ వేడి దరిదాపులకు కూడా వెళ్లవు.

కావాల్సినవి

- 0 నుంచి 160 పీఎస్ఐ దాకా చూపే మంచి గేజ్. జంట టైర్లుంటే రెండు వైపులా నోరున్న పొడవాటి గేజ్.
- మీ టైరు ప్రెషర్ కంటే కనీసం 30 పీఎస్ఐ ఎక్కువ కొట్టగల కంప్రెసర్. కార్లకు అమ్మే చిన్న పంపులు 80 దగ్గరికి వచ్చేసరికి ఆయాసపడతాయి.
- వాల్వుకు దానంతట అదే పట్టుకుని ఉండే క్లిప్, పొడవాటి పైపు.
- గాలి పైపుకు తగిలించే నీటి ఫిల్టర్. దాని తర్వాత తేమను పీల్చే సిలికా జెల్ డబ్బా కూడా ఉంటే ఇంకా మంచిది.
- వాల్వ్ పిన్ను తిప్పే చిన్న టూల్, నాలుగు అదనపు పిన్నులు, మెటల్ మూతలు.
- సబ్బు నీళ్లు, స్ప్రే బాటిల్.
- థర్మామీటర్, నోట్‌బుక్. నవ్వకండి, ఈ రెండే ఎక్కువ పనికొస్తాయి.

1. ముందు ఎంత కొట్టాలో తేల్చుకోండి

టైరు పక్కన రాసి ఉన్న అంకె మీ అంకె కాదు. ఆ టైరు మోయగలిగే గరిష్ఠ బరువుకు కావాల్సిన ప్రెషర్ అది. మోటర్‌హోమ్ అయితే డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చూడండి. ట్రైలర్ అయితే బయట ఎడమవైపు ముందు భాగంలో స్టిక్కర్ ఉంటుంది. ట్రైలర్లకు చాలాసార్లు స్టిక్కర్ మీదా టైరు మీదా ఒకే అంకె కనిపిస్తుంది. అలా ఉంటే అదే పెట్టండి, తగ్గించకండి.

మోటర్‌హోమ్ వాళ్లు ఇంకో అడుగు వేయాలి. నీళ్ల ట్యాంకు, గ్యాసు, సామాను, మనుషులు అన్నీ ఎక్కించి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. వీలైతే ఒక్కో చక్రానికి విడిగా. టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టికలో ఆ బరువుకు ఎంత ప్రెషర్ కావాలో ఉంటుంది. ఒక యాక్సిల్‌కు (ఇరుసుకు) రెండు వైపులా బరువు వేరుగా వస్తే, ఎక్కువ బరువున్న వైపు అంకెనే రెండు వైపులా పెట్టాలి. వంటగది ఉన్న వైపు బరువెక్కువ ఉండటం మామూలే.

2. టైరు చల్లబడనివ్వండి

బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. పొద్దున ఎండ తగలకముందు చూడటం అన్నిటికంటే మేలు. ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ ఉంటే ఎండవైపు టైర్లు రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి, మీరు నీడవైపు వాటిని అనవసరంగా అనుమానిస్తారు.

3. కొట్టే ముందు టైరును చూడండి

పగుళ్లు, బుడగలు, గుచ్చుకున్న మేకులు చూడండి. టైరు పక్కన డీఓటీ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి మెకానిక్‌కు చూపించండి.

హెచ్చరిక: ప్రెషర్ ఉండాల్సిన దాంట్లో 80 శాతం కంటే తక్కువకు పడిపోయిన టైరుతో బండి నడిచిందని అనుమానం ఉంటే, మీరు గాలి కొట్టకండి. 80 ఉండాల్సిన టైరుకు ఆ గీత 64 దగ్గర. లోపలి స్టీలు తీగలు నలిగి ఉంటే, గాలి కొట్టేటప్పుడు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) జిప్పు విప్పినట్టు చీలి పేలుతుంది. అలాంటిదాన్ని టైరు షాపులో విప్పి, లోపల చూసి, ఇనుప బోనులో పెట్టి కొడతారు. నా 61 పీఎస్ఐ టైరు ఈ గీత కిందిదే. ఆ రెండు నెలలూ బండి కదల్లేదు కాబట్టి బతికింది. అయినా విప్పించి చూశాకే ఎక్కించాను.

వాల్వులు కూడా చూడండి. కార్లకు వాడే మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్ఐ వరకే. 80 కొట్టే టైరుకు అవి ఉంటే, అధిక ప్రెషర్ వాల్వులు గానీ, నట్టుతో బిగించే మెటల్ వాల్వులు గానీ వేయించండి.

4. కంప్రెసర్ నీళ్లు వదలండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ట్యాంకు అడుగున చిన్న కాక్ ఉంటుంది. ట్యాంకులో కొంచెం గాలి ఉండగానే దాన్ని తెరిస్తే తుప్పు రంగు నీళ్లు చిమ్ముతాయి. నీళ్లు ఆగి వట్టి గాలి వచ్చేదాకా ఉంచి మూసేయండి. సిలికా జెల్ గింజలు రంగు మారాయేమో చూడండి: నీలం గింజలైతే తడి పట్టాక గులాబీ రంగుకు వస్తాయి. తర్వాత టైరుకు తగిలించే ముందు పైపులోంచి రెండు మూడు సెకన్లు గాలి బయటికి వదిలి, అరచేయి అడ్డం పెట్టండి. చేతికి తడి తగిలితే ఇంకా నీళ్లున్నాయి.

ట్యాంకు లేని 12 వోల్టుల పంపు వాడేవాళ్లకు ఈ గొడవ తక్కువ, కానీ అవి వేడెక్కుతాయి. పెట్టె మీద ఎంతసేపు నడపాలో, ఎంతసేపు ఆపాలో రాసి ఉంటుంది, దానికి కట్టుబడండి. పెద్ద పంపును లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి నడపండి, అదీ బయట, పొగ పోయే చోట.

5. మామూలు గాలి కొట్టడం

వాల్వ్ మూత తీసి, చుట్టూ ఉన్న మట్టి తుడిచి, క్లిప్ తగిలించండి. టైరు ఎదురుగా కూర్చోకండి. ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) వైపుకు, కాస్త దూరంగా నిలబడండి. పైపు పొడవు ఉండాలన్నది ఇందుకే. కావాల్సిన దానికంటే 2 పీఎస్ఐ ఎక్కువ కొట్టి, మీ గేజ్‌తో చూసుకుంటూ తగ్గించుకోండి. పంపు మీద ఉండే మీటరును నమ్మకండి, గాలి పారుతున్నప్పుడు అది ఎక్కువే చూపిస్తుంది.

జంట టైర్లలో లోపలిది ముందు చూడండి. కష్టంగా ఉంటుందని దాన్నే చివరికి వాయిదా వేస్తాం, చివరికి ఓపిక ఉండదు.

6. నైట్రోజన్ పట్టిస్తుంటే

ఇక్కడ ఎక్కువ మంది మోసపోయేది మోసం వల్ల కాదు, లెక్క తెలియక. టైరులో ఇప్పటికే 60 పీఎస్ఐ మామూలు గాలి ఉండగా, పైన 20 నైట్రోజన్ కొట్టి పచ్చ మూత పెడితే, లోపల ఇంకా 16 శాతం పైనే ఆక్సిజన్ ఉంటుంది. అంటే 21 నుంచి 16కి వచ్చారు, అంతే.

నిజంగా నైట్రోజన్ కావాలంటే పాత గాలిని పూర్తిగా వదిలేయాలి. టైరులో వట్టి వాతావరణ ఒత్తిడి మాత్రమే మిగిలాక 80 దాకా స్వచ్ఛమైన నైట్రోజన్ కొడితే ఆక్సిజన్ 3.3 శాతానికి వస్తుంది. మళ్లీ మొత్తం వదిలి మళ్లీ కొడితే అర శాతం. 32 పీఎస్ఐ కారు టైరుకైతే మొదటిసారికి ఆరున్నర శాతం దగ్గరే ఆగుతుంది. అందుకే కార్లకు రెండు మూడు సార్లు వదిలి కొట్టాలంటారు. ఎక్కువ ప్రెషర్ టైర్లకు ఒకసారి చాలు, రెండోది మీ సరదా.

హెచ్చరిక: గాలి వదిలేటప్పుడు బండి బరువు ఆ టైరు మీద ఉండకూడదు. జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి అప్పుడే వదలాలి. బరువు మీద వదిలితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడుతుంది, సైడ్‌వాల్ నలుగుతుంది. షాపువాళ్లు జాకీ మీద లేపకుండా కిందే నిలబెట్టి వదిలేయబోతే ఆపండి.

సొంతంగా నైట్రోజన్ సిలిండర్ తెచ్చుకుందామనుకునేవాళ్లకు: నిండు సిలిండర్‌లో 2000 పీఎస్ఐ పైమాటే. రెగ్యులేటర్ లేకుండా టైరు దగ్గరికి తీసుకెళ్లకండి. నిలువుగా గొలుసుతో కట్టి ఉంచాలి. ఇంకోటి, దాన్ని బండి లోపల, పడుకునే చోట ఎప్పుడూ పెట్టకండి. నైట్రోజన్‌కు రంగు, వాసన లేవు. మూసిన గదిలో లీకైతే ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది, మనిషికి ఊపిరాడట్లేదన్న సంగతి కూడా తెలియకుండానే స్పృహ పోతుంది. నన్నడిగితే ఈ టెన్షన్ అక్కర్లేదు.

7. లీకు ఉందేమో చూడండి

వాల్వు నోట్లో, వాల్వు మొదట్లో, ఎక్స్‌టెన్షన్ ఉంటే దాని రెండు చివర్లా సబ్బు నీళ్లు చల్లండి. పెద్ద బుడగలు వెంటనే తెలుస్తాయి. చిన్న లీకు అయితే అర నిమిషం ఆగాక తెల్లటి నురగ గూడులా కడుతుంది, దాని కోసం ఓపిక పట్టండి. పిన్ను దగ్గర అయితే టూల్‌తో కొంచెం బిగించండి, ఆగకపోతే పిన్ను మార్చండి. మెటల్ మూత బిగించడం మరవకండి, దుమ్మును ఆపేది అదే.

8. అలారం పెట్టండి

ప్రెషర్ సెన్సార్ల సిస్టం ఉంటే, తక్కువ ప్రెషర్ అలారాన్ని చల్లటి ప్రెషర్‌కు 10 నుంచి 15 శాతం కింద పెట్టండి. 80కి 70 దగ్గర అనుకోండి. ఆర్వీకి, ముఖ్యంగా జంట టైర్లకూ ట్రైలర్‌కూ, నైట్రోజన్ మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టండి. వెనక ట్రైలర్ టైరు దిగిపోతే ముందున్న డ్రైవరుకు ఏమీ తెలియదు.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుసుకోవాలి

మర్నాడు పొద్దున అదే గేజ్‌తో అన్నీ చూసి రాయండి. పక్కన ఉష్ణోగ్రత కూడా. తర్వాత నెలకోసారి, ప్రయాణాల్లో ప్రతి పొద్దునా.

లెక్క ఇది: 80 పీఎస్ఐ టైరులో ఒక్కో 10 డిగ్రీల సెల్సియస్‌కు 3 పీఎస్ఐ కాస్త పైన మారుతుంది, గాలైనా నైట్రోజనైనా. ఉదాహరణకు మొదటి రోజు 25 డిగ్రీల దగ్గర 80 రాశారు. నెల తర్వాత 14 డిగ్రీల చలి పొద్దున 76 చూపించింది. కంగారు పడి లీకు వెతకక్కర్లేదు: చలి వల్లనే 76.5కి రావాలి, అసలు పోయింది అర పీఎస్ఐ. అదే పొద్దున మిగతావన్నీ 76 ఉండి ఒకటి మాత్రం 71 ఉంటే, ఆ ఒక్కదాని దగ్గరికి సబ్బు నీళ్లు పట్టుకెళ్లండి. ఒక టైరు అంకె కంటే మిగతావాటితో దాని తేడాయే ఎక్కువ చెబుతుంది.

చలి ఊరికి వెళ్లాక 76 చూపిస్తే లీకు లేకపోయినా గాలి కొట్టాలి. టైరుకు ఆ పొద్దున ఉన్న ప్రెషరే లెక్క.

ఎక్కువగా జరిగే తప్పులు

వేడి టైరు నుంచి గాలి తీయడం. ఇది అన్నిటికంటే పెద్దది. పొద్దున 25 డిగ్రీల్లో 80 ఉన్న టైరు రోడ్డెక్కి లోపల 55 డిగ్రీలకు చేరితే గేజ్ 89, 90 చూపిస్తుంది. అది మామూలే, టైరు తయారు చేసినవాళ్లు దానికి సిద్ధంగానే చేశారు. "అమ్మో పది ఎక్కువైంది" అని 80కి దించితే, చల్లారాక అది 71కి పడుతుంది. మర్నాడు అదే టైరు ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కి, పేలే దారిలో పడుతుంది.

నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో నడపడం. టైరులో 74 ఉంది, దగ్గరలో నైట్రోజన్ లేదు, మామూలు గాలి కలిపితే పాడవుతుందని అలాగే వెళ్లిన వాళ్లున్నారు. కలపండి, ఏమీ కాదు. స్వచ్ఛమైన నైట్రోజన్ మీద 6 పీఎస్ఐ మామూలు గాలి కొడితే పెరిగే ఆక్సిజన్ ఒకటింబావు శాతం. రెండూ కలిస్తే ఏ రసాయన చర్యా జరగదు, కలిశాయని టైరుకు తెలియనే తెలియదు.

కాలితో తన్ని చూడటం. పెద్ద టైరులో 50 ఉన్నా 80 ఉన్నా కాలికి ఒకేలా తగులుతుంది.

గేజ్‌లు మార్చడం. ఇవాళ ఒకటి, రేపు పక్కవాడిది. ఒకటే ఉంచుకోండి, ఏడాదికోసారి ఇంకోదానితో పోల్చండి. రెండింటికీ 3 పీఎస్ఐ కంటే తేడా వస్తే టైరు షాపులో వాళ్ల గేజ్‌తో సరిచూసి, తప్పు చూపేదాన్ని పారేయండి.

ఇక స్టెప్నీ. బండి కింద వేలాడుతూనో వెనక కవరు లోపలో ఉంటుంది, ఏళ్ల తరబడి ఎవరూ దాని మూత తీయరు. దాన్ని స్టిక్కర్‌లో ఉన్న ఎక్కువ అంకెకు కొట్టి ఉంచండి. ఎక్కడ బిగించాల్సి వస్తుందో ముందే తెలియదు, రోడ్డు పక్కన గాలి తీయడం తేలిక, కొట్టడం కష్టం. నోట్‌బుక్‌లో దానికీ ఒక వరుస గీయండి.